అడిషనల్

కెమిస్ట్రీ మాస్టారు పరీక్ష పెట్టాడంటే పిల్లలకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఆయన రూలు ఒకటే: ఆఖరి పేపరు చేతికొచ్చేదాకా హాల్లోంచి ఎవ్వరూ కదలకూడదు. టైమయ్యాక పెన్ను కదిపితే పేపరు లాగేసుకుంటాడు.

పోయినేడాది చివరి బెంచీ అమ్మాయి నిలబడి బతిమాలింది. "సార్, ఒక్క అడిషనల్ ఇవ్వండి, రెండు లైన్లే మిగిలాయి."

"నా దగ్గర ఆ పప్పులుడకవు," అని ఆయన ఆమె పేపరు లాక్కున్నాడు. ఆ అమ్మాయి మళ్ళీ కాలేజీకి రాలేదు. ఎందుకని ఆయన అడగనూ లేదు.

ఈ ఏడు పరీక్ష అయ్యేసరికి చీకటి పడింది. పిల్లలంతా వెళ్ళిపోయారు. మాస్టారు పేపర్లు కట్టగట్టి, మిగిలిన తెల్లకాగితాలు చంకలో పెట్టుకుని లైటు ఆర్పాడు.

వెనక ఎక్కడో కాగితం మీద పెన్ను గరగరలాడింది.

"పెన్ను కింద పెట్టు," అన్నాడు అలవాటుగా.

చప్పుడు ఆగింది. హాల్లో ఎవరూ లేరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. కాసేపటికి పెన్ను మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా వేగంగా. లైటు స్విచ్చి నొక్కాడు, వెలగలేదు. తలుపు లాగాడు, రాలేదు.

"ఈసారి నా పేపరు ఇంకా మీ చేతికి రాలేదు కదా సార్," అంది చివరి బెంచీ, ఎంతో మర్యాదగా. "అడిషనల్ ఇవ్వండి."

చంకలోంచి ఒక కాగితం లాగి చీకట్లోకి అందించాడు. అవతల నుంచి ఎవరో దాన్ని మెల్లగా అందుకున్నారు.

"ఇంకోటి, సార్."