టైలరమ్మ రాకెట్

“ఏవయ్యా, చెయ్యి తియ్! ఎవరినడిగి ముట్టుకున్నావ్?”

టైలరమ్మ అరుపుకి బొమ్మ రాకెట్ల క్లబ్బు మైదానంలో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు.

ముట్టుకున్నాయనకు డెబ్బై దాటి ఉంటాయి. నలిగిన చొక్కా, భుజానికి గుడ్డసంచి. రాకెట్ నడుముని రెండు వేళ్ల మీద ఆనించి, ఎటు మొగ్గుతుందా అని చూస్తున్నాడు. ఉలిక్కిపడి బల్ల మీద పెట్టేశాడు.

“ముక్కు తేలిగ్గా ఉందమ్మా. ఇలా ఎగరేయకండి.”

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. వద్దనే మాట ఆమెకు కొత్త కాదు. పదేళ్లప్పుడు నాన్న ఈ రాకెట్ విడిభాగాల పెట్టె తెచ్చి చేతిలో పెడితే, నానమ్మ లాక్కుని అటకెక్కించింది.

“ఆడపిల్లకి రాకెట్లేవిటి? తమ్ముడు పెద్దయ్యాక ఆడుకుంటాడు,” అంది.

తమ్ముడు పెద్దవాడయ్యాడు కానీ దాని వంక కూడా చూడలేదు. నాన్న పోయాడు, నానమ్మా పోయింది, ఆ పెట్టెలు అమ్మే కంపెనీ కూడా మూతపడింది. నలభై రెండేళ్ల తర్వాత, కిందటేడు అటక దులుపుతుంటే పెట్టె బయటపడింది.

చంద్రుడి మీదికి ఇలాగే వెళ్తామనుకుని పాతకాలం వాళ్లు బొమ్మలు గీసుకునేవారే, అచ్చం అలాంటి రాకెట్. బొద్దుగా వెండిరంగు ఒళ్లు, గుండ్రటి కిటికీలు, నేలకి ఆనే మూడు పెద్ద ఎర్ర రెక్కలు. నాలుగు నెలల పాటు రోజూ పొద్దున్నే, కుట్టుమిషను ఎక్కేముందు గంటసేపు కూర్చుని తయారుచేసింది. పారాచూట్‌ని పట్టుగుడ్డతో తనే కుట్టింది. ఇప్పుడు కొందామన్నా ఇలాంటిది ఇంకొకటి ఎక్కడా దొరకదు. ఇవాళ ఇది ఎగరాలి. నాన్న తనకోసం తెచ్చినందుకైనా ఎగరాలి.

ఇప్పుడు మళ్లీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషొచ్చి వద్దంటాడా?

“సూచనల కాగితంలో ఎలా ఉందో అలాగే చేశాను. అక్షరం పొల్లు పోలేదు.”

“అందుకేనమ్మా నా భయం.”

“అంటే?”

“ముక్కు తీసి లోపల కాస్త బంకమట్టి కూరాలి. రెండు నిమిషాల పని.” సంచిలోంచి మట్టి ఉండ తీసి బల్ల మీద పెట్టాడు.

“నా రాకెట్ నోట్లో మట్టి కొడతావా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

“పోనీ, నడుముకి దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పి చూడండి. ముక్కు ముందుండి తిరిగితే సరే. తోక ముందుకొస్తే మాత్రం...”

“దారం సంగతి టైలరుకి చెప్తున్నావా? కాగితంలో మట్టి మాట ఉందా, లేదా? అది చెప్పు.”

“లేదమ్మా. ఉండాల్సింది.”

“రాసినవాడి కంటే నీకెక్కువ తెలుసా?”

ఆయన ముఖం ఎర్రబడింది.

“ఎక్కువేం తెలీదమ్మా,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“మరి నోరు మూసుకో!”

గొడవ విని క్లబ్బు కార్యదర్శి పరుగున వచ్చాడు.

“చూడండి పెద్దాయనా, కాగితం పక్కన పెట్టుకుని నేనే ఒక్కో భాగం సరిచూశాను. సంతకం కూడా పెట్టాను. ఇంతకీ మీరు సభ్యులేనా?”

“కాదండీ. ఈ రాకెట్ ఎగరేస్తున్నారని నోటీసు చూసి వచ్చాను. ఒక్క మాట వింటే...”

“ఈయన ఇక్కడుంటే నేను ఎగరేయను,” అంది టైలరమ్మ.

కార్యదర్శి ఆయన మోచెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించాడు. వెళ్తూ వెళ్తూ ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. టైలరమ్మ మట్టి ఉండని తీసి గడ్డిలోకి విసిరేసింది.

రాకెట్‌ని ఇనపకడ్డీకి తగిలించారు. అందరూ దూరంగా జరిగారు. అంకెలు వెనక్కి లెక్కపెట్టారు.

టైలరమ్మ బటన్ నొక్కింది.

రాకెట్ బుస్సుమని లేచింది. రెండు నిలువుల ఎత్తుకి వెళ్లేసరికి తోక అటూ ఇటూ ఊగింది. ఒక్కసారిగా తలకిందులై, మనుషుల్లేని వైపు దూసుకెళ్లి, గట్టినేలలో ముక్కు గుచ్చుకుని పడింది. వెండిరంగు ఒళ్లు నలిగి ముద్దయింది. ఎర్ర రెక్కలు మూడూ ఊడిపోయాయి. ఆ తర్వాత తీరిగ్గా పారాచూట్ బయటికొచ్చి నేల మీద పరుచుకుంది.



టైలరమ్మ ముక్కలన్నీ చీరకొంగులో ఏరుకుంది. కళ్లల్లో నీళ్లు, గొంతులో నిప్పులు.

“అంతా ఆ మనిషి నోటి చలవే! బయల్దేరే ముందు అపశకునపు కూతలు కూశాడు. పైగా ఏం నొక్కాడో, ఏం కదిపాడో! ఊరుకోను. ఫిర్యాదు రాస్తాను. ఆ మనిషి పేరు కావాలి నాకు.”

“గేటు దగ్గర రిజిస్టర్‌లో రాసే ఉంటాడమ్మా. రండి,” అన్నాడు కార్యదర్శి.

గేటు బయట రోడ్డు ఖాళీగా ఉంది. బస్సు ఇప్పుడే వెళ్లిపోయిందని కాపలా మనిషి చెప్పాడు.

టైలరమ్మ విసురుగా రిజిస్టర్ తెరిచింది. ఆఖరి వరసలో వణుకుతున్న చేతిరాత. పేరు మీద ఆమె చూపు నిలవలేదు. పక్కన ‘వచ్చిన పని’ అన్నచోట, గడి చాలక, అక్షరాలు అంచు దాకా వెళ్లాయి.

“ముక్కులో మట్టి పెట్టమని కాగితంలో రాయడం మరిచిపోయింది నేనే; ఈ రాకెట్ ఎగరేసే ప్రతిచోటికీ వెళ్లి ఆ మాట చెప్పొస్తున్నాను, ఇది నలభై ఒకటో మైదానం.”