జోడీ పాడిన రంగు

"మొదటి ముక్క మీరే వెయ్యాలమ్మా. ఇదే ఆఖరి ఆట," అన్నాడు ఎదుటి జట్టు లాయరు.

కోడలు ముక్కల మీంచి తలెత్తింది. ఎదురుగా తన జోడీ, మామగారు. ముక్కలు పంచాక జరిగిన వేలం పాటలో ఆయన ఆటీన్లు పాడారు, అంటే ఆ రంగు తన చేతిలో బలంగా ఉందని; చివరికి తురుపు లేని ఆటకు పాట లాయరుకి దక్కింది. బ్రిడ్జిలో జోడీ పాడిన రంగే మొదట వెయ్యడం పద్ధతి. కానీ పోయిన వారమే ఆయన ఇంటికి దారి మరిచిపోయారు. నిజంగా ఆ రంగు ఆయన చేతిలో ఉందా? అడుగుదామంటే, ఆట మధ్యలో జోడీలు మాట్లాడుకోకూడదు.

"పెద్దాయన పొరపాటున పాడారేమో. మీ చేతిని మీరు నమ్ముకోండి," లాయరు నవ్వాడు.

ఆమె చేతిలో ఇస్పేట్లు వరసగా, భద్రంగా ఉన్నాయి. ఆటీను ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ వేసింది.

మామగారు ఆసు వేశారు. తరవాత రాజు, రాణి, జాకీ, తొమ్మిది. లాయరు చేతిలో ఆ రంగులో చెప్పుకోదగ్గ ముక్కే లేదు. వరసగా ఐదు పట్లు మామగారికి పోయేసరికి అతని ఆట కుప్పకూలింది.

బయట మెట్ల మీద కోడలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "మీకన్నీ గుర్తున్నాయి మామయ్యా. డాక్టరుగారితో అదే చెబుతాను."

ఆయన కమ్మీ పట్టుకుని ఆగారు.

"పాడిన సంగతే గుర్తు లేదమ్మా. నువ్వు ఆ ముక్క వేశాకే, పాడే ఉంటాననుకున్నాను."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ దింపింది.