దస్రు తాత చెవి పరీక్ష

"మళ్లొచ్చిండు మేడం," అన్నాడు డ్రైవర్ తిరుపతి, బడి గుమ్మంలోంచే.

లిఖిత తలెత్తి చూసింది. దస్రు తాత. వరుసగా మూడో రోజు.

అది రెండు వేల ఆరు. టేకులపల్లి అవతల, అడవి అంచు తండా బడిలో చెవి పరీక్షలు మొదలై నాలుగు రోజులైంది. చీము కారే పిల్లలకు వినికిడి ఎంత పోతోంది, ఏ మందుతో ఎంత తిరిగొస్తుంది అన్నది హైదరాబాదు డాక్టర్ల పరిశోధన. పరీక్షలు చేయడం లిఖిత పని.

రెండు వందల మంది పిల్లలు కావాలి. వచ్చింది ఒక్క ముసలాయన.

చెవిలో సూది దించుతారని, తలకు కరెంటు పెడతారని తండాలన్నీ చెప్పుకుంటున్నాయి.

"నిన్ననే చేశాను కదా తాతా?"

"ఇయ్యాల ఎడమ చెవు గుయ్యిమంటాంది బిడ్డా. ఇంకొక్కసారి సూడు."

డబ్బాలాంటి మిషనుకున్న హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడగానే చెయ్యెత్తమంది. మొన్న ఏమీ వినబడదన్న చెవికి ఇవాళ చీమ చిటుక్కుమన్నా వినబడింది. బాగున్న చెవి మొద్దుబారింది.

కాగితం మీద ‘నమ్మలేం’ అని రాసి పక్కన పడేసింది.

"నొప్పి చేస్తదా బిడ్డా గీ డబ్బా?"

"మీకు చేసిందా?"

"నాకు కాదు. మూడేండ్ల పోరికి పెడితే?"

"చెయ్యదు."

"చీము ఉంటే ఏం జేస్తరు?"

"దూదితో తుడిచి ఆరబెట్టి, చుక్కల మందు వేస్తాం."

"తుడువు. సూస్త."

"మీకు చీము లేదు కదా తాతా."

"లేకున్నా తుడువు."

లిఖితకు ఒళ్లు మండింది. అయినా తుడిచింది. ఆయన కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు.

"ఇక రావద్దు తాతా. మాకు పిల్లలు కావాలి."

"గట్లనే బిడ్డా."

తాత ఏమీ అనుకోలేదు. కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బడి ముందు నలభై మంది పిల్లలు. ఆ మర్నాడు పక్క తండాల నుంచి అరవై మంది. తల్లులు చంకనేసుకుని మరీ వచ్చారు.

తన అదృష్టం అనుకుంది లిఖిత.

మూడేళ్లు గడిచాయి. రెండు వందల పన్నెండు మందిలో ఒక్కరూ మధ్యలో మానలేదు. చాలామందికి చెవులు ఆరాయి. అప్పట్లో పిలిస్తే పలకని సువర్ణ అనే పిల్ల ఇప్పుడు ఎక్కాలు గడగడా అప్పజెబుతోంది.

ఆఖరి రోజు సువర్ణ తల్లి ప్రమీలను అడిగింది లిఖిత.

"మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత ఇంతమంది ఎలా వచ్చారమ్మా?"

"దస్రు తాత చెప్పిండు మేడం. ‘నేను మూడుసార్లు సూపించుకున్న, భయం లేదు, పోండి’ అన్నడు. మందెయ్యకపోతే ఇంటి మీదికొచ్చి తిట్టెటోడు."

ఇంకో మాట వినకుండానే లిఖిత పండ్లు కొనుక్కుని ఆయన ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లింది. వాకిట్లో ఆయన భార్య ద్వాలి విప్పపువ్వు ఆరబోస్తోంది.

"పోయిన వానకాలంలనే పాణం పోయింది బిడ్డా."

లిఖిత పండ్లు ఆయన మంచం మీద పెట్టి దండం పెట్టింది.

"ఆయనకు చెవుడు లేదు కదా అవ్వా?"

"చెవుడా? గా గుట్ట మీద మేక అరిస్తే ఎవరిదో చెప్పెటోడు."

"మరి మా కోసం ఎందుకంత కష్టపడ్డారు?"

ద్వాలి విప్పపువ్వు మీద నుంచి చెయ్యి తీసింది.

"నలభై ఏండ్లు ఏడు తండాల పోరగాండ్ల చెవులల్ల ఆకు పసరు పోసిన వైద్యుడు ఆయనే బిడ్డా, నువ్వు చెవు తుడిసిన నాడు ఇంటికొచ్చి, ‘నాకన్న మంచిగ జేస్తాంది ఆ పిల్ల’ అన్నడు, మళ్ల ఆకు తెంపలే."