పదకొండో కొమ్మ

"అవి అక్కడివి కావమ్మాయ్."

వాకిట్లో నిలబడ్డ ముసలాయన, గుమ్మం ముందు పరిచిన స్ప్రూస్ చెట్టు కొమ్మల్ని చూపిస్తూ అన్నాడు.

వీవి చేతిలో చీపురు ఆగింది.

"మరెక్కడివి?"

"మంచు మీదివి."

"సరస్సు మీరేమన్నా కొనుక్కున్నారా పెద్దాయనా? గుమ్మంలో కొమ్మలు పరిస్తే బూట్లు తుడుచుకోవచ్చని మీ పల్లెల వాళ్లే కదా చెబుతారు!"

ఆయన కొమ్మల్ని లెక్కపెట్టాడు. పదకొండు. ఇంకేమీ అనకుండా, కాలితో తన్నుకుంటూ నడిపే తన జారుబండి ఎక్కి వెళ్లిపోయాడు.

మా సరస్సు ఒడ్డు వాళ్లతో ఇదే చిక్కు. చెప్పాల్సింది సగం నోట్లోనే మింగేస్తాం. మిగతా సగం ఎదుటివాళ్లకి తెలుసనుకుంటాం.

ఆయన పేరు తౌనో. అడవి దాటాక ఒక్కడే ఉంటాడు. వీవి, ఆమె మొగుడు ఓస్కు అక్టోబరులోనే హెల్సింకీ నుంచి వచ్చారు. నీటి అంచున ఇల్లు, చుట్టూ నిశ్శబ్దం అని మురిసిపోయి కొన్నారు. డిసెంబరుకల్లా ఆ మురిపెం కాస్తా తీరింది. నీళ్ల గొట్టం గడ్డకట్టి పగిలింది. పిండి డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఎవరో పచ్చికట్టెలు అంటగడితే, ఇంటినిండా పొగే గానీ వేడి లేదు.

ఇవి చాలవన్నట్టు ఈ తౌనో ఒకడు. సరస్సు గడ్డకట్టిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే, చెప్పా పెట్టకుండా, వాళ్ల పెరట్లోంచి మంచు మీదికి దిగేవాడు. చిల్లి కొట్టి ఒక కొమ్మ నాటేవాడు. కొంత దూరం నడిచి ఇంకోటి. అవతలి ఒడ్డున హెల్వి దుకాణం దాకా అలా ఒక వరస వేశాడు. ఆ వరసైనా తిన్నగా పోతుందా అంటే పోదు, నడిమధ్యలో పెద్ద వంపు.

"ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించే రకం," అని నవ్వాడు ఓస్కు.

"కిటికీ తీస్తే తెల్లటి సరస్సు కనబడాలి నాకు. ఈ దిష్టిబొమ్మలేమిటి?" అంది వీవి.

కిటికీకి ఎదురుగా కనబడేది ఆ వంపే. అందులోవే పదకొండు పీక్కొచ్చి గుమ్మంలో పరిచింది.

మర్నాడు ఓస్కు పెరటి గేటుకి గొలుసు వేశాడు.

తౌనో వచ్చి కాసేపు దాన్ని చూశాడు.

"ఏం బాబూ, దారి మూశావేం?"

"ఇది మా స్థలం తాతా. దారి కాదు."

తౌనో తలూపాడు. మళ్లీ ఆ పెరట్లోకి రాలేదు.

శుక్రవారం కారు మొరాయించింది. వంతెన మీదుగా దుకాణానికి ముప్ఫై కిలోమీటర్లు. మంచు మీద అయితే రెండే.

"బ్యాటరీ తెచ్చేస్తా. ఎంతసేపు!" అంటూ ఓస్కు స్కీలు కట్టుకున్నాడు. ముసలాయన జారుబండి జాడ ఇంకా కనబడుతోంది. దాన్ని పట్టుకుని వెళ్లాడు.

రెండింటికి గాలి లేచింది. మూడింటికి చీకటి పడింది. కిటికీ అవతల మంచు తప్ప మరేం లేదు. ఓస్కు ఫోను మోగి మోగి ఆగిపోతోంది.

వీవి దుకాణానికి ఫోను చేసింది.

"బయల్దేరి గంట దాటిందే!" అంది హెల్వి. "కంగారు పడకు. కొమ్మలున్నాయిగా, వాటిని పట్టుకుని వచ్చేస్తాడు. వంపు దగ్గర మటుకు తిన్నగా రాకూడదు. అక్కడ అడుగున నీళ్లు పారుతుంటాయి, మంచు అప్పడమంత పలచన."

వీవి గుమ్మం వైపు చూసింది.

ఏ దేవుణ్ణి తలుచుకోవాలో ఆమెకి తెలియలేదు.

నాలుగింటికి ఎవరో తలుపుకి గుద్దుకున్నారు. ఓస్కు. కనుబొమల నిండా మంచు.

"దారి తప్పాను వీవీ. వంపు మొదట్లో కొమ్మ లేదు. తిన్నగా వచ్చేద్దామనుకున్నా. ఇంతలో ఎదురుగా లాంతరు. ఆ ముసలాయనే! 'కుడికి! కుడికి తిరుగు!' అని ఒకటే అరుపు. తిరిగాను. అక్కణ్ణుంచి వరసగా కొమ్మలు తగిలాయి."

"ఆయనేడి?"

ఓస్కు వెనక్కి చూశాడు.

"నా వెనకే వస్తున్నాడనుకున్నా."

ఊళ్లోవాళ్లు వెతకడానికి దిగారు గానీ గాలి నిలవనివ్వలేదు. తెల్లారాక కనబడ్డాడు. వంపులో పది కొమ్మలు కొత్తగా నాటి ఉన్నాయి. పదకొండోది ఉండాల్సిన చోట జారుబండి మీద కూర్చునే ఉన్నాడు తౌనో. లాంతరు ఆరిపోయింది. పదకొండో కొమ్మ ఒళ్లో ఉంది.

గుమ్మంలో కొమ్మలు ఎండి సూదుల్లాంటి ఆకులు రాల్చాయి. వీవి వాటిని ఊడవలేదు. తొక్కనూ లేదు, పెరటి తలుపు నుంచే వచ్చి పోతోంది. సాయంత్రమైతే కిటికీ దగ్గర నిలబడి వంపులో కొమ్మలు లెక్కపెడుతుంది.

"చివరిది కూర్చుని ఉంది ఓస్కూ."

ఓస్కు రెండుసార్లు వెళ్లి చూసొచ్చాడు. కొమ్మే. ఆ తరవాత తనే నాటిన కొమ్మ.

మార్చిలో వీవి హెల్వి దుకాణానికి వెళ్లింది. హెల్వి కాఫీ పోసి ముందు పెట్టింది.

"ఒక్క మాట అడగనా? ఆ దారి ఆయన ఎవరి కోసం వేశాడు?"

హెల్వి వింతగా చూసింది.

"తన కోసమైతే కాదు. తౌనో సరుకులు నేనే బండిలో పంపిస్తా. మంచుదారి వేయడం మీ ఇంటి పని. ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్లది. తాతల నాటి వంతు. నీకెవరూ చెప్పలేదా?"

"లేదు."

"ఆయన కూడా?"

వీవి తల అడ్డంగా ఊపింది.

"ఆరేళ్లు మీ ఇల్లు ఖాళీ. ఆరేళ్లూ దారి లేదు. ఆ గట్టు నుంచి నడిచొచ్చేవాళ్లే లేరు కదా. అక్టోబరులో మీ కిటికీలో దీపం చూశాడు. ఆ మర్నాడే గొడ్డలి నూరే రాయి కావాలని వచ్చాడు. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. 'పట్నం పిల్లలు, మొదటి చలికాలం. ఈ ఏటికి వాళ్ల వంతు నేను చేసిపెడతాలే హెల్వీ' అన్నాడు."