మొద్దు శిష్యురాలు

“మళ్లీ ఊపేశారా పెద్దమ్మా?” అంటూ నర్సు తల పట్టుకుంది.

నేర్చుకోవడానికని నీళ్లు నింపి ఇచ్చిన పాత ఇన్సులిన్ సీసాను ఏడో మంచం పెద్దావిడ దగ్గుమందు సీసాలా ఊపేస్తోంది. మూడు రోజులుగా ఇదే వరస. ఒకసారి చేతులు కడుక్కోవడం మరిచిపోతుంది, ఇంకోసారి సిరంజి మీద గీతలు తప్పు లెక్కపెడుతుంది. సొంతంగా సూది వేసుకోవడం వస్తే గానీ ఇంటికి పంపరు. “ఇవాళ కూడా రాకపోతే నేర్పే పని ఇంకొకరికి అప్పగిస్తాను” అని హెడ్ నర్సు పొద్దున్నే ముఖం మీదే చెప్పింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైనా కాలేదు, మొదటి శిష్యురాలే ఇలా దొరకాలా అని నర్సుకు ఏడుపొక్కటే తక్కువ. అయినా ఆవిడ బోసినవ్వు చూస్తే కోపం నిలవదు.

“ఊపకూడదు పెద్దమ్మా. అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి.”

“కాస్త గట్టిగా చెప్పు తల్లీ. నా చెవులు అంతంత మాత్రం.”

నర్సు గొంతు పెంచి అంతా మొదటినుంచి చెప్పింది. సీసా దొర్లించాలి. పొట్ట మీద చర్మం మడతపట్టి గుచ్చాలి. గుచ్చే చోటు రోజూ మార్చాలి. అరగంటలోపు ఏదైనా తినాలి. వార్డంతా వినిపించింది.

ఎనిమిదో మంచం అమ్మాయి మాత్రం ఎప్పటిలాగే దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. ఆమెదీ ఇదే జబ్బు. సూది పేరెత్తితే చాలు, “నా వల్ల కాదు, మా ఆయన వేస్తాడు” అంటుంది. ఆ ఆయన లారీ ఎక్కితే పది రోజులకు గానీ ఇల్లు చేరడు. ఆమెకు నేర్పబోయి నర్సు రెండుసార్లు చీవాట్లు తింది.

“ఏదీ, ఇప్పుడు మీరు చేసి చూపించండి” అంది నర్సు, దేవుడి మీద భారం వేసి.

పెద్దావిడ సీసా అందుకుని మళ్లీ టపటపా ఊపింది.

“అబ్బబ్బ, అలా కాదు పెద్దమ్మా.”

ఆ మాట అన్నది నర్సు కాదు. ఎనిమిదో మంచం అమ్మాయి దుప్పటి విసిరికొట్టి దిగింది. గబగబా చేతులు కడుక్కొచ్చి, ట్రేలో తన కోసం ఉంచిన ఇన్సులిన్ సీసా, సిరంజి తీసుకుంది.

“ఇదిగో, ఇలా దొర్లించాలి. గాలి బుడగ పోగొట్టాలి. నిన్న నాకు నర్సమ్మ కుడివైపు వేసిందిగా, ఇవాళ ఎడమవైపు.”

నర్సు వంగి సిరంజి మీద గీతలు చూసింది. సరిగ్గా ఉన్నాయి. మాటల్లోనే ఆ అమ్మాయి తన పొట్ట మీద మడత పట్టింది, గుచ్చింది, తీసింది. తను ఏం చేసిందో అప్పుడే తెలిసి, ఖాళీ సిరంజి చూసుకుని నోరు తెరిచింది.

నర్సుకు కళ్లు చెమర్చాయి. “ఈ పెద్దమ్మకు ఎప్పటికి వస్తుందో ఏమో” అని తనలో తనే గొణుక్కుంది.

ఆ గొణుగుడు పెద్దావిడకు చక్కగా వినిపించింది. నీళ్ల సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తూ, నర్సు చెవి దగ్గరకు వంగింది.

“ఇక నన్ను ఇంటికి పంపించు తల్లీ. మా ఆయనకు పదిహేనేళ్లు ఈ చేత్తోనే ఇన్సులిన్ వేశాను.”