తల్లి అనుమతి

హఫీజ్‌పేట్ స్టేషన్లో తప్పిపోయిన పాప ఏడుస్తోంది. బాలల సంరక్షణ ఉద్యోగి ఆమని చెయ్యి చాచి, టక్కున వెనక్కి తీసుకుంది. నిబంధనలు మారాయని నిన్ననే మాదాపూర్‌లో శిక్షణ ఇచ్చారు. తల్లి ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెబితేగానీ బిడ్డ చెయ్యి పట్టుకోకూడదు.

“అమ్మ నంబర్ తెలుసా తల్లీ?”

పాప వెక్కుతూనే గడగడా చెప్పింది. ఆమని ఆ నంబర్ యాప్‌లో కొట్టింది.

పాప స్కూలు బ్యాగులో ఫోన్ టింగుమంది.

“ఆడుకోనీకి అమ్మనే ఇచ్చింది,” అంటూ పాప ఫోన్ తీసి, కళ్ళు తుడుచుకుని, అంకెలు చదివింది.

యాప్ పచ్చగా వెలిగింది: ‘అనుమతి లభించింది. తల్లి ఫోన్ బిడ్డ దగ్గరే ఉంది కనుక తల్లి దొరికినట్టే. కేసు ముగిసింది. తప్పిపోని బిడ్డను ముట్టుకోరాదు.’

“ఇగ అమ్మ కాడికి పోదమా?” పాప చెయ్యి చాచింది.

ఆమని చేతులు కట్టుకుని బతిమాలింది. “ఇంకొక్కసారి తప్పిపోవా, మా తల్లివి కదూ!”