కంచు బూటు

మా కాలేజీకి లైబ్రరీ కట్టించిన ముసలాయన కంచు విగ్రహం ఒకటుంది. దాని బూటు రుద్దితే సీటొస్తుందని పిల్లల పిచ్చి. తోటపని మధ్యలో విగ్రహం వెనక నక్కి వాళ్లని దడిపించడం నా సరదా.

ఓ రోజు ఆయన మునిమనవడు వెండెల్ వచ్చాడు.

"ఏరా, ఇంకేం కావాలి నీకు?" అన్నాను గొంతు మార్చి.

"ముత్తాతా! నీ పేరు చూసి నాకు సీటిచ్చారు. లేకపోతే అది ఎవరికొచ్చేది?"

నేను కత్తెర తీసుకుని చాటుగా జారుకున్నాను. ఈ ఏడే మా అమ్మాయి బ్రిజిడ్‌కి కాలేజీవాళ్లు సీటు లేదన్నారు.

మర్నాడు నేను దూరంగా గడ్డి కోస్తున్నాను. విగ్రహం వెనక ఎవరూ లేరు. వెండెల్ మళ్లీ అదే అడిగి, చెవి ఒగ్గి విన్నాడు. పాలిపోయిన మొహంతో నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"సార్, బ్రిజిడ్ మీ అమ్మాయేనా?"